సముద్రం లేని నేల చెరువునే సముద్రమన్నది

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తెలంగాణకు సముద్రం లేదు. కానీ మన ఊర్ల పేర్లు, చెరువుల పేర్లు వింటే ఎవరైనా మనది సముద్రతీరమే అనుకుంటరు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారంలో కట్టించిన చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు. నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం. భూపాలపల్లి దిక్కు గణపసముద్రం. మహబూబాబాద్ దిక్కు పోతే రైలు స్టేషన్ పేరే కేసముద్రం. కుతుబ్‌షాహీల కాలానికి వస్తే హుస్సేన్ సాగర్, నిజాం కాలానికి వస్తే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, నిజాంసాగర్. కడలి చూడని జనం కట్టకు ఈవల నిలిచిన వాననీళ్లను చూసి సముద్రం అన్నరు. మూడు నెలలు కురిసి తొమ్మిది నెలలు ఎండే రాతినేలలో ఆ నీళ్లే సముద్రం.

ఆ సముద్రాలకు ఏమైంది, ఎవరు ఏం చేసిన్రు, ఇప్పుడు ఏం జరుగుతున్నది అనేది ఇయ్యాల్టి మాట. ముందే చెప్తున్నం, ఇందులో కొంత మనకు రుచించని సంగతి ఉన్నది. ఉద్యమకాలంలో చెరువు మన దిక్కు సాక్షి. పరాయి పాలనలో మనకు ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి ఎండిన చెరువును, తెగిన తూమును, కబ్జా అయిన శిఖాన్ని చూపించినం. అది అబద్ధం కాదు. అయితే రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. సాక్షి అక్కడనే ఉన్నది, ఇంకా చెప్పుకుంటనే ఉన్నది. మనం వింటున్నమా లేదా అన్నదే ఇప్పటి పంచాయితీ.

గొలుసు అంటే ఏమిటి

పట్నంలో పుట్టి పెరిగిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఉన్నరు కాబట్టి కొంచెం మొదటి నుంచి చెప్పుకుందాం. మన చెరువు ఒంటరిది కాదు. పై ఊరి చెరువు నిండితే మత్తడి దుంకుతది. మత్తడి నీళ్లు ఒర్రెలో పడి, వాగులో పడి కింది ఊరి చెరువుకు పోతయి. అది నిండితే దాని కిందిది. ఇట్ల వరుసగా కట్టుకుంటూ పోయినరు కాబట్టే గొలుసుకట్టు చెరువులు అన్నరు. ఒక్క చెరువులో పట్టే నీళ్లు ఎన్ని అన్నది కాదు ఇక్కడ లెక్క. వాన పడ్డ చోటి నుంచి కృష్ణలోనో, గోదావరిలోనో కలిసేదాకా ఆ నీళ్లు ఎన్ని ఊర్లలో ఆగి, ఎన్ని బావుల్లో ఊరి, ఎంత నెమ్మదిగా పోయినయి అన్నది లెక్క.

దానికి మనుషుల ఏర్పాటు కూడా ఉండేది. తూము తీసి, మూసి, చివరి మడి దాకా నీళ్లు పారించేటందుకు నీరటి ఉండేవాడు. కట్ట మరమ్మతు చేసేవాళ్లకు దస్తబంద్ ఇనాం కింద భూములు ఉండేవి. కుమ్మరికి మట్టి, చాకలికి రేవు, ముదిరాజులకు, గంగపుత్రులకు చేపలు, ఎండకాలం పశువులకు శిఖంలో గడ్డి, రైతుకు పూడిక మట్టి. ఊర్ల ప్రతి కులానికి చెరువుతోటి ఏదో ఒక పని ఉండేది. కట్ట మీద మైసమ్మ, కట్ట కింద బతుకమ్మ. ఇట్ల చెప్తే ఆ కాలమంతా సల్లగా ఉన్నదని అనుకునేరు. ఆ చెరువు కింద మంచి మడి ఎవరిదో, వెట్టికి కట్ట పోసింది ఎవరో మనకు తెలుసు. దొరతనం గురించి మాకు ఏ భ్రమలూ లేవు. కానీ చెరువు పోయినప్పుడు దొర పోలేదు. ముందుగా పోయింది చెరువు మీద బతికే కూలోడు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడే నాటికి తెలంగాణలో పారే భూమిలో సగానికి పైగా చెరువుల కిందనే పారేది. తర్వాత దశాబ్దాలు గడిచినకొద్దీ అది పడిపోయింది. నీరటి వ్యవస్థ పోయింది, దాని జాగలో ఏదీ రాలేదు. పెద్ద ప్రాజెక్టులకు పైసలు, చిన్ననీటి వనరులకు చిల్లర. పూడిక నిండింది, తూములు శిథిలమైనయి, రైతు బోరు దిక్కు పోయిండు. చెరువులో నీళ్లు నిలిస్తే కింద బావులు ఊరేవి. చెరువు ఎండినంక నూరు అడుగులు, మున్నూరు అడుగులు, ఆరు నూర్లు. నల్లగొండ జిల్లాలో ఆ లోతు రాళ్ల మధ్య నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో వంగిపోయిన ఎముకల వెనుక ఈ చెరువుల కథ కూడా ఉన్నది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక ఆ బాధ చాలావరకు తగ్గింది, కాదనం. కానీ అప్పటికే వంగిన ఎముకలు మళ్ల నిటారు కావు.

ఇంకో సంగతి మన ఉద్యోగ మిత్రులకు గుర్తుండే ఉంటది. ఆర్. విద్యాసాగర్ రావు గారు సభల్లో నదీజలాల లెక్క విప్పి చెప్పేవారు. కృష్ణాలో బచావత్ ట్రిబ్యునల్ మనకు లెక్కగట్టిన నీళ్లలో పెద్ద భాగం చిన్ననీటి వనరుల పేరు మీదనే ఉన్నది. అంటే చెరువులు బతికి ఉంటేనే ఆ వాటా మనది. చెరువు చచ్చిపోతే వాటా కాగితం మీద ఉంటది, నీళ్లు మాత్రం కిందికి పోతయి. నీళ్ల దోపిడీ అంటే కాలువకు గండి పెట్టి తీసుకుపోవుడు ఒక్కటే కాదని మనకు అట్ల తెలిసింది.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ ఈ లెక్క నుంచి పుట్టిందే. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నయని లెక్కతీసి విడతల వారీగా పూడిక తీసిన్రు. ట్రాక్టర్ కిరాయి పెట్టుకొని పూడిక మట్టిని పొలానికి తోలుకున్న రైతులను మేము చూసినం. అది మంచి పనే, మన ఉద్యమం ఇచ్చిన పని. పనుల నాణ్యత మీద, గుత్తేదార్ల మీద వచ్చిన ఆరోపణలు అట్లుంచితే, ఒక లోపం మాత్రం చెప్పాలె. చెరువు కడుపు తవ్వినం గానీ చెరువుకు నీళ్లు తెచ్చే ఒర్రెలను, కాలువలను గంతే పట్టుదలతో విడిపించలేదు. గొలుసును బాగుచేయాల్సింది, గుండ్లను మాత్రమే తోమినం.

పటాన్‌చెరు ఊరి పేరులోనే చెరువు ఉన్నది

ఇగ పట్నం దిక్కు వద్దాం. పటాన్‌చెరు గురించి తెలియకుండా తెలంగాణ చెరువుల గురించి మాట్లాడొద్దు. 1970ల్లో అక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. ఉద్యోగాలు వస్తయన్నరు. స్థానికులకు ఎన్ని వచ్చినయో ఆ ఊర్లకు పోయి అడగండి. వ్యర్థాలు మాత్రం పూర్తిగా స్థానికులకే వచ్చినయి. నక్కవాగు ద్వారా అవి మంజీర దిక్కు పోయినయి. మంజీర అంటే సగం జంటనగరాలకు తాగునీళ్లు ఇచ్చిన నది. వాగు పొంటి బావులు రంగు మారినయి. పశువులు చచ్చిపోయినయి. పొలాలు తెల్లగ పేలినయి.

స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్లు 1980ల నుంచే జనాన్ని కూడగట్టి రోడ్డెక్కిన్రు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడ్డది. కోర్టు దెబ్బతిన్న ఊర్లకు నీళ్లు ఇయ్యమన్నది, రైతుకు పరిహారం ఇయ్యమన్నది. ఎంతనుకున్నరు? ఎకరానికి రెండు వేలకు లోపే. ఆ వ్యాజ్యం 2001లో హైకోర్టుకు బదిలీ అయ్యి, అక్కడి నుంచి 2013లో హరిత ట్రిబ్యునల్‌కు పోయి, 2017లో తీర్పు దాకా వచ్చింది. పిటిషన్ పడ్డనాడు పుట్టిన పిల్లగానికి తీర్పు నాటికి 27 ఏండ్లు. ఒక తరం ఆ నీళ్ల పక్కనే పెరిగి పెద్దదైంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చు వేసిన్రు. జోకిమ్ లార్సన్ బృందం. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉన్నది. అది శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లనే పరీక్షించిన్రు. మురికి నీళ్లు కావు, శుద్ధి అయినయి అన్న నీళ్లు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. అది మనం జ్వరానికి, ఇన్‌ఫెక్షన్‌కు వేసుకునే గోలీ మందే. గోలీ మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఆ నీళ్లలో ఉన్న మోతాదే ఎక్కువ. ఒక్కరోజులో బయటికి పోయిన మందు సుమారు 45 కిలోలని అంచనా కట్టిన్రు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. తర్వాత చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా చూస్తే అక్కడా మందులు దొరికినయి.

దీని నష్టం ఏమిటంటే, క్రిములు ఆ మందు నీళ్లలో పెరిగి మందుకు లొంగని క్రిములైతయి. రేపు మన దవాఖానలో పిల్లకు న్యుమోనియా వస్తే పనిచేయాల్సిన మందు పనిచేయదు. కాబట్టి పటాన్‌చెరు గోస పటాన్‌చెరుదే అని ఎవరూ నిమ్మలంగా ఉండే వీలు లేదు.

దీనికి దొరికిన పరిష్కారం చూడండి. వ్యర్థాలను 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం గుండా మూసీలోకి పంపిన్రు. 2009 నుంచి ఆ పైపు పారింది. మంజీర బరువును మూసీ నెత్తికెత్తిన్రు. కింద ఘట్‌కేసర్, పోచంపల్లి, వలిగొండ రైతు ఆ నీళ్లతోనే వరి పండిస్తడు, గడ్డి పెంచుతడు, ఆ గడ్డి తిన్న బర్రె పాలు మళ్ల పట్నానికే వస్తయి. అది సమైక్య పాలనలో జరిగింది, నిజమే. మరి 2017 అక్టోబర్‌లో గండిగూడెం చెరువులో రెండు లక్షలకు పైగా చేపలు తేలింది ఎవరి పాలనలో? మన పాలనలో. మన మంత్రులు, మన కాలుష్య నియంత్రణ మండలి, మన ఇంజనీర్లు. ఆ చేపపిల్లలను వదిలింది కూడా మనమే, ఉచిత చేపపిల్లల పథకం కింద ఊరూర వదులుకుంటూ వచ్చినం. చేపలు తేలిన నాడు కట్ట మీద కూర్చున్న మత్స్య సహకార సంఘం సభ్యులకు ఎవరి పేరు చెప్పి ఓదార్చాలె?

గండిపేట నీళ్లు

"గండిపేట నీళ్లు తాగినవాడు పట్నం విడిచిపోడు" అని మన పెద్దలు అనేవాళ్లు. ఆ గండిపేట ఎట్ల పుట్టిందో చెప్పాలె. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చింది. ఎగువన 200కు పైగా చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగి, ఆ నీళ్లన్ని నగరం మీద పడ్డయి. వేలమంది కొట్టుకపోయిన్రు. పదిహేను వేలని చెప్తరు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆయన సలహా మీద 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టిన్రు. రెండూ కలిపి ఏడు టీఎంసీలకు దగ్గర. వరద ఆపుతయి, నీళ్లు ఇస్తయి. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ దాకా నీళ్లు పల్లానికి వాటంతట అవే వచ్చేవి, మోటరు లేదు, కరెంటు బిల్లు లేదు. ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెచ్చుకుంటున్నం.

ఈ రెండు చెరువులను కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల పరిధి, 84 ఊర్లు, 1 లక్షా 32 వేల ఎకరాలు. కాలుష్య పరిశ్రమలు వద్దు, పెద్ద కట్టడాలు వద్దు. ఆ పరిధిలో వచ్చిన ఒక నూనె పరిశ్రమ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. కాలుష్య నియంత్రణ మండలికి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకు నడుమ నడిచిన ఆ కేసులో 1999లో, 2000లో వచ్చిన తీర్పులను న్యాయ విద్యార్థులు ఇప్పటికీ దేశమంతా చదువుతరు. హాని జరిగినంక రుజువు చేయమని జనాన్ని అడగొద్దు, హాని జరగదని పరిశ్రమ పెట్టేటోడే ముందు రుజువు చేయాలె అని కోర్టు అన్నది. మన గండిపేట దేశానికి ఒక న్యాయసూత్రం ఇచ్చింది.

ఆ జీవోను ఎవరు సడలించిన్రు? 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి సడలించింది మన ప్రభుత్వమే. 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తున్నమని మంత్రివర్గం ప్రకటించింది. కారణం? నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నయి, ఈ చెరువుల మీద ఆధారపడే అవసరం తీరింది అన్నరు. ముసలి తల్లి ఇగ పని చేయదు కాబట్టి ఇల్లు అమ్ముకుంటం అన్నట్టు ఉన్నది. వరద సంగతి ఏమాయె? 1908 సంగతి ఏమాయె?

ఇక్కడ ఆ 84 ఊర్ల రైతులకు అన్యాయం చేసేటట్టు మాట్లాడొద్దు. వాళ్ల బాధ నిజం. రోడ్డుకు ఈవల ఎకరం కోట్లు పలుకుతుంటే ఆవల అమ్ముకునే వీలు లేదు, బిడ్డ పెండ్లికి అప్పు. అదే పరిధిలో పెద్దమనుషుల ఫాంహౌజులు, కల్యాణమండపాలు మాత్రం లేచినయి. ఆంక్ష చిన్న రైతుకు, మినహాయింపు పెద్దోనికి. దీనికి చేయాల్సింది చెరువును అమ్ముడు కాదు. పట్నాన్ని వరద నుంచి కాపాడుతున్నందుకు ఆ రైతుకు పట్నం ఏటా పైసలు కట్టుడు. నీళ్ల బిల్లులో ఎకరానికి ఇంత అని పెట్టి ఇచ్చినా చాలామంది ఒప్పుకునేవాళ్లు. ఆ ముచ్చట ఏ ప్రభుత్వమూ ఎత్తలేదు, ఎందుకంటే అందులో ఎవరికీ ప్లాట్లు రావు.

మన ప్లాట్లు

హుస్సేన్ సాగర్ గురించి మీకు కొత్తగ చెప్పేదేమున్నది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. గండిపేట రాకముందు పట్నం తాగిన నీళ్లు అవి. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ కంపెనీల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చి అందులో పోసింది. 1990ల్లో చుట్టూ రోడ్లు, పార్కులు వేసి చెరువును కుదించిన్రు. 2006లో జపాన్ అప్పు తెచ్చి శుద్ధి మొదలుపెట్టిన్రు. ఇంకా శుద్ధి నడుస్తనే ఉన్నది. నాలాలో వచ్చేది ఆపకుండా చెరువును కడుగుడు అంటే, నల్లా బందు చేయకుండా ఇల్లు తుడుచుకున్నట్టే.

మాసాబ్‌ ట్యాంక్, నల్లకుంట, తలాబ్ కట్ట. ఇవన్ని ఇప్పుడు బస్సు ఆగే జాగలు. కండక్టర్ పిలిచినప్పుడల్లా ఒక చెరువు పేరు వినబడుతది. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడితే పట్నం మునిగింది. నాలాలు వెడల్పు చేయమని 2003లో కిర్లోస్కర్ నివేదిక చెప్పింది. ఆ నివేదిక మీద దుమ్ము దులిపింది 2020 అక్టోబర్ వాన. అప్పుడు పల్లె చెరువు, గుర్రం చెరువు కింది బస్తీలు కొట్టుకపోయినయి. చెరువు తన జాగకు తాను వచ్చింది. అక్కడ ఇల్లు కట్టుకున్న పేదోనికి ఆ జాగ చెరువుదని అమ్మేటప్పుడు ఎవ్వడూ చెప్పలేదు.

ఇప్పుడు మా గురించి, మీ గురించి. ఈ తరగతిలో సగం మంది ఉద్యోగులున్నరు. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డవాళ్లున్నరు. మీ త్యాగాన్ని మేము చిన్నగ చేయం. కానీ ఒక్క మాట నిజాయితీగా అడుగుదాం. మన హౌసింగ్ సొసైటీల లేఔట్లు ఎన్ని శిఖం భూముల్లో పడ్డయి? మాలోనే ఇద్దరు, ముగ్గురు అట్లాంటి ప్లాట్లు కొన్నరు. రిజిస్ట్రేషన్ అయింది కదా, బ్యాంకు లోన్ ఇచ్చింది కదా, క్రమబద్ధీకరణ ఫీజు కట్టినం కదా అనుకున్నరు. వానాకాలం సెల్లారులో నడుము లోతు నీళ్లు వచ్చినంక పాత నక్షా తీసి చూస్తే అది కుంట. ఎవరి మీద ఉద్యమం చేయాలె? అమ్మినోడు మనోడు. సంతకం పెట్టినోడు మనోడు. కొన్నది మనమే.

2024 జూలైలో హైడ్రా వచ్చింది. మాదాపూర్ తమ్మిడికుంటలో ఒక సినిమా నటుని కన్వెన్షన్ హాలు కూలినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టిన్రు, మేమూ సంతోషపడ్డం. తర్వాత అమీన్‌పూర్ దిక్కు, మూసీ పొంటి బుల్డోజర్లు పేదల గడప ముందు నిలబడ్డయి. పిల్లల పుస్తకాలు తీసుకునే టైం కూడా ఇయ్యలేదని తల్లులు ఏడ్చిన్రు. ఇక్కడ మాకు ఒక స్పష్టత ఉన్నది. చెరువు విడిపించాలె. అయితే ముందు అనుమతి ఇచ్చిన అధికారి మీద, అమ్మిన బిల్డర్ మీద కేసు, కొనుక్కున్నోనికి, గుడిసె వేసుకున్నోనికి వేరే నీడ, ఆ తర్వాత కూల్చుడు. ఈ వరుస తిరగబడితే చెరువు పేరు వింటేనే పేదోడు భయపడుతడు. పేదోడు భయపడే చెరువును ఎవ్వడూ కాపాడలేడు. అది ఇప్పటికే మొదలైంది. చెరువుల గురించి బస్తీకి పోయి మాట్లాడితే 'కూలగొట్టేటందుకు వచ్చిన్రా' అని అడుగుతున్నరు.

గందరగోళానికి మూలం ఏమిటంటే గీత లేదు. హెచ్‌ఎండీఏ పరిధిలో దాదాపు 3,500 చెరువులు, కుంటలు అని లెక్క. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు నిలుస్తయో అది ఎఫ్‌టీఎల్. ఆ గీత గీసి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇయ్యాలె. 2010 నుంచి చెరువుల పరిరక్షణ కమిటీ ఉన్నది. 2024 నాటికి తుది నోటిఫికేషన్ వచ్చినవి కొన్ని వందలు మాత్రమే. గీత లేనంత కాలం ఇటు బిల్డర్‌కు లాభం, అటు బుల్డోజర్‌కు లాభం.

రెండు మంచి సంగతులు కూడా చెప్పాలె, లేకపోతే నిరాశ పంచి పోయినట్టు అయితది. అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది. పట్టణ చెరువుకు ఆ హోదా రావడం దేశంలోనే మొదటిసారి. పోలీసులు, పక్షుల ఫొటోలు తీసే పిల్లలు, చుట్టుపక్కల జనం కలిసి చేసిన పని అది.

రెండోది అంబర్‌పేట బతుకమ్మకుంట. పాత రికార్డులో 14 ఎకరాల పైచిలుకు. ఆక్రమణలు పోను మిగిలింది ఐదెకరాలు. అది కూడా తుమ్మచెట్లు, మట్టికుప్పలు. అక్కడ కుంటనే లేదని కోర్టులో వాదించినవాళ్లున్నరు. 2025లో తవ్వుతుంటే కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు పైకి వచ్చినయి. ఆ ఏడాది దసరా ముందు ఆడబిడ్డలు అక్కడ బతుకమ్మ ఆడిన్రు. ఉద్యమంలో మనం బతుకమ్మను రోడ్ల మీద, సెక్రటేరియట్ ముందు, యూనివర్సిటీలో ఆడినం. అప్పుడు అది పోరాటం. కానీ బతుకమ్మను ఎత్తుకొని పోయి వేసేది నీళ్లలో. ఆ నీళ్లు ఎక్కడున్నయి అని అప్పుడు మనం అడగలేదు.

ఇగ పని గురించి. విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఇది. ఒక్కొక్కరు మీ ఊరి చెరువునో, మీ హాస్టల్ దగ్గరి కుంటనో పట్టుకోండి. తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా అడగండి, సేత్వార్ అడగండి, 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడగండి. ఇయ్యమంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అందులో శిఖం అని రాసి ఉన్న సర్వే నంబర్లు రాసుకోండి. తర్వాత కట్ట మీదికి పోయి మత్తడి ఎక్కడ, తూము ఎక్కడ, నీళ్లు వచ్చే ఒర్రె ఎక్కడ అని నడిచి చూడండి. ఊర్ల ముసలి నీరటి బతికి ఉంటే ఆయనను తోలుకపోండి, ఆయనకు నక్షా అక్కరలేదు. రెవెన్యూలో పనిచేసే ఉద్యోగ మిత్రులు ఇక్కడ ఐదారుగురు ఉన్నరు. ఫైలు ఏ అలమారలో ఉన్నదో చెప్పే సాయం వాళ్లు చేయగలుగుతరు. పేరు బయటికి రాదు.

మొదటి చెరువు వచ్చే ఆదివారం. పొద్దుగాల ఆరు గంటలకు కట్ట మీద కలుద్దాం. టేపు, నోటుబుక్కు మీరు తెచ్చుకోండి. నక్షా మేము తెస్తం.